గేజు ముల్లు దిగింది, బండి జోరు పెరిగింది

అమెరికాలో పికప్ ట్రక్కులకు సొంతంగా మార్పులు చేసుకునేవాళ్లకు బాగా తెలిసిన తికమక ఒకటి ఉంది. సూపర్‌ఛార్జర్ ఉన్న బండికి కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ మానిఫోల్డులు విప్పేసి, వాటి స్థానంలో పొడవాటి గొట్టాల హెడర్లు బిగిస్తారు. రెండు రోజులు చేతులు కాల్చుకుని, మోకాళ్లు కొట్టుకుని బండిని రోడ్డెక్కిస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి బూస్ట్ గేజు వైపు చూస్తే, నిన్నటిదాకా 8 పీఎస్ఐ చూపించిన ముల్లు ఇవాళ 7 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడో గాలి కారుతోందని, బెల్టు జారుతోందని, సూపర్‌ఛార్జర్ పోయిందని అనుమానాలు మొదలవుతాయి. తీరా డైనమోమీటర్ మీదకు ఎక్కించి కొలిస్తే చక్రాలకు అందే శక్తి తగ్గలేదు సరికదా, పెరిగింది.

గాలిని ఒత్తిడితో నింపితేనే శక్తి పెరుగుతుందని కదా సూపర్‌ఛార్జర్ పెట్టింది? ఒత్తిడి తగ్గినా శక్తి ఎలా పెరిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, లోపలికి గాలి నెట్టే యంత్రమూ బయటికి పొగ పంపే గొట్టమూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో అర్థమవుతుంది. ఆ ముడి తెలియకుండా భాగాలు బిగిస్తే ఇంజిన్‌కు ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది.

ఉదాహరణకు ఫోర్డ్ ఎఫ్-150 ఎస్‌వీటీ లైట్నింగ్‌ను తీసుకుందాం. 1999 నుంచి 2004 వరకు దాదాపు 28 వేల ట్రక్కులు తయారయ్యాయి. మామూలు ఎఫ్-150లో అప్పట్లో వచ్చిన 5.4 లీటర్ల వి-8 ఇంజిన్ 260 హెచ్‌పీ ఇచ్చేది. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌కు కొన్ని లోపలి మార్పులు చేసి, పైన సూపర్‌ఛార్జర్ కూర్చోబెడితే లైట్నింగ్‌లో 1999లో 360 హెచ్‌పీ, 2001 నుంచి 380 హెచ్‌పీ వచ్చింది. గాలి ఎంత తేడా తెస్తుందో చూడటానికి ఇంతకంటే చక్కటి జోడీ దొరకదు.

ఇంజిన్ తాగేది గాలి

బండి పెట్రోలు తాగుతుందంటాం కానీ, ఇంజిన్ ఆకలంతా గాలి మీదే. గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు గాలి బరువు 1.2 గ్రాములే కాబట్టి, గ్రాము పెట్రోలుకు సుమారు పన్నెండు లీటర్ల గాలి.

5.4 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు దశల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 2,250 సార్లు. 5.4తో హెచ్చవేస్తే 12,150 లీటర్లు. వాల్వు సందులోంచి, మలుపుల్లోంచి రావాలి కాబట్టి సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండదు. 85 శాతం నిండుతుందనుకుంటే దాదాపు 10,300 లీటర్లు. తూకం వేస్తే 12 కిలోల పైచిలుకు. దానికి జత కలిసే పెట్రోలు 840 గ్రాములు. కిలో పెట్రోలులో సుమారు 44 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో 30 శాతమే పనిగా మారిందని లెక్కేసినా 185 కిలోవాట్లు, అంటే 250 హెచ్‌పీ దగ్గర తేలుతుంది. కంపెనీ చెప్పిన 260కి ఈ కాగితం లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

ఇందులో పెట్రోలు పెంచడం కష్టం కాదు. పెద్ద ఇంజెక్టర్లు, గట్టి పంపు పెడితే చాలు. గాలిని మాత్రం మామూలు ఇంజిన్‌లో ఎవరూ లోపలికి తోయరు. పిస్టన్ కిందికి దిగి ఖాళీ చేస్తుంది, బయటి వాతావరణ పీడనం ఆ ఖాళీని నింపుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం 101 కిలోపాస్కళ్లు, అమెరికా కొలతలో 14.7 పీఎస్ఐ. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అది మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అక్కడ మామూలు పెట్రోలు ఇంజిన్ శక్తి కూడా అదే దామాషాలో తగ్గుతుంది. ఇంజిన్ చెడిపోలేదు, గాలి పలచబడింది, అంతే.

కమ్మరి కొలిమి దగ్గర నిలబడినవాళ్లకు దీనికి విరుగుడు వేరే చెప్పక్కర్లేదు. బొగ్గులు అవే, తిత్తి ఊదితే ఇనుము ఎర్రబడుతుంది, ఆపితే నల్లబడుతుంది. సూపర్‌ఛార్జర్ ఇంజిన్‌కు కట్టిన కొలిమి తిత్తి.

నెట్టిన గాలి వేడెక్కుతుంది

ఈ పోలిక కేవలం అలంకారం కాదు. లైట్నింగ్‌లో ఉన్నది రూట్స్ రకం సూపర్‌ఛార్జర్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ పట్టణానికి చెందిన ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కార్లే పుట్టలేదు. ఆ యంత్రం మొదట ఇనుప కొలుములకు, గనులకు గాలి ఊదింది. ఇంజిన్ల నెత్తికెక్కింది చాలా కాలం తర్వాత.

ఒక పెట్టెలో రెండు రోటర్లు ఒకదాని పళ్ల మధ్యకు ఇంకొకటి వచ్చేలా, కానీ ఒకదాన్నొకటి తాకకుండా ఎదురెదురుగా తిరుగుతాయి. పంటికీ పెట్టె గోడకూ మధ్య చిక్కిన గాలిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మోసుకెళ్లి వదులుతాయి. లైట్నింగ్‌లోని ఈటన్ ఎం112 పేరులో ఉన్న అంకె దాని మోత సామర్థ్యమే. రోటర్ ఒక్క చుట్టు తిరిగితే 112 ఘనపు అంగుళాలు, అంటే 1.8 లీటర్ల గాలిని అవతలికి పంపుతుంది. క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు దాన్ని తిప్పుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి, గేజు చిక్కుముడి విప్పడానికి పనికొస్తుంది: రూట్స్ యంత్రం తనలో గాలిని నొక్కదు. చుట్టుకు ఇన్ని లీటర్లని మోస్తుంది, అంతే. అవతల ఇంజిన్ అంత గాలిని మింగలేకపోతే, గాలి మీద గాలి వచ్చి పేరుకుని ఒత్తిడి పుడుతుంది.

8 పీఎస్ఐ బూస్ట్ అంటే వాతావరణ పీడనానికి అదనంగా 55 కిలోపాస్కళ్లు. మొత్తం పీడనం 1.54 రెట్లు. అంటే గాలి కూడా 1.54 రెట్లు వెళ్లిందా? లేదు. సైకిల్ పంపు కొట్టేటప్పుడు గొట్టం చివర వేడెక్కడం అందరికీ అనుభవమే. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది, అదే ఒత్తిడిలో తక్కువ బరువు తూగుతుంది. 30 డిగ్రీల గాలిని ఏ నష్టమూ లేకుండా 1.54 రెట్ల పీడనానికి నొక్కితేనే 40 డిగ్రీలు పెరుగుతుంది. రూట్స్ యంత్రం అంత నేర్పరి కాదు. దాని సామర్థ్యం 57 శాతం అనుకుంటే పెరుగుదల 70 డిగ్రీలు. అంటే 100 డిగ్రీల గాలి ఇంజిన్‌లోకి పోతుంది. పీడనం, ఉష్ణోగ్రత రెండూ కలిపి లెక్కిస్తే సాంద్రత పెరిగింది 1.25 రెట్లు మాత్రమే. ఒత్తిడితో సంపాదించినదాంట్లో సగానికి పైగా వేడి మింగేసింది.

అందుకే లైట్నింగ్‌లో సూపర్‌ఛార్జర్ కింద నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉంటుంది. బండి ముందుభాగంలో దానికి విడిగా చిన్న రేడియేటర్, నీళ్లు తిప్పడానికి కరెంటు పంపు. గాలిని 55 డిగ్రీలకు దించగలిగితే సాంద్రత 1.42 రెట్లవుతుంది. 260ని 1.42తో హెచ్చవేస్తే 369. కంపెనీ చెప్పిన 360, 380 అంకెలు దీనికి చెరో వైపున ఉన్నాయి. నిజం ఇంత సాఫీగా ఉండదన్నది వేరే సంగతి. సూపర్‌ఛార్జర్‌ను తిప్పడానికే ఇంజిన్ తన శక్తిలో పాతిక, ముప్పై హెచ్‌పీ దాకా ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చే గాలిలో వేడిగా కనిపిస్తుంది.

పొగకు కూడా దారి కావాలి

లోపలికి వెళ్లిన గాలి మండాక పొగగా బయటికి రావాలి. కంపెనీ బండ్లలో ఈ పని చేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డు సాధారణంగా పోత ఇనుప ముద్ద. వి-8 ఇంజిన్‌లో వరుసకు నాలుగు సిలిండర్లు. ఆ నాలుగింటి పొగా పొట్టి దారుల్లో వచ్చి ఒకే గదిలో పడుతుంది. చవక, గట్టి, చోటు తక్కువ పడుతుంది, చప్పుడు మింగుతుంది. గాలి ప్రవాహం ఒక్కటే దాని బలహీనత.

హెడర్ చేసేది ఆ నాలుగు దారులను వేరు చేయడం. ప్రతి సిలిండర్‌కూ దాని సొంత ఉక్కు గొట్టం. కొంత దూరం విడివిడిగా నడిచి, అన్నీ ఒక కలెక్టర్‌లో కలుస్తాయి. దారి వెడల్పు అయింది కాబట్టి పొగ సులువుగా పోతుందని సగం వివరణతో చాలామంది ఆగిపోతారు. అసలు భౌతికశాస్త్రం మిగతా సగంలో ఉంది.

పొగ నదిలా ప్రవహించదు. తుపాకీ దెబ్బల్లా వస్తుంది. పిస్టన్ ఇంకా కిందికి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటికి సిలిండర్‌లో వాతావరణానికి కొన్ని రెట్ల పీడనం మిగిలే ఉంటుంది. అది ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఆ దెబ్బతో పుట్టిన ఒత్తిడి తరంగం వేడి వాయువులో సెకనుకు దాదాపు 600 మీటర్ల వేగంతో పోతుంది. కలెక్టర్ దగ్గర గొట్టం ఉన్నట్టుండి వెడల్పవుతుంది. అక్కడ తరంగం తలకిందులై వెనక్కి తిరుగుతుంది. వెళ్లింది అధిక పీడనం, తిరిగొచ్చేది అల్ప పీడనం. వేణువులో, క్లారినెట్‌లో స్వరం పుట్టించే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఆ అల్ప పీడనం సరైన సమయానికి వాల్వు దగ్గరికి చేరితే, సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగేస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే చిన్న వ్యవధిలో కొత్త గాలిని కూడా లోపలికి రప్పిస్తుంది.

సరైన సమయం ఏదన్నది గొట్టం పొడవే నిర్ణయిస్తుంది. గొట్టం 0.9 మీటర్లయితే పోయి రావడానికి 1.8 మీటర్లు, అంటే మూడు మిల్లీసెకన్లు. 4,500 చుట్ల వేగంలో ఆ వ్యవధిలో క్రాంక్‌షాఫ్ట్ 80 డిగ్రీలు తిరుగుతుంది. 2,500 చుట్ల వేగంలో 45 డిగ్రీలే. కాబట్టి ఏ గొట్టమూ అన్ని వేగాల్లోనూ మేలు చేయలేదు. ఒక వేగంలో సాయపడిన తరంగమే ఇంకో వేగంలో అడ్డుపడుతుంది. పొడవాటి గొట్టాలు మధ్యస్థ వేగాల్లో లాగుడు పెంచుతాయి, పొట్టివి ఎక్కువ వేగంలోనే కాస్త పనికొస్తాయి. బరువులు లాగే పికప్‌కు పొడవాటివి ఇష్టపడటం అందుకే.

వి-8 ఇంజిన్‌కు ఇంకో చిక్కు ఉంది. ఈ ఫోర్డ్ ఇంజిన్‌లో సిలిండర్లు పేలే వరస 1-3-7-2-6-5-4-8. 1 నుంచి 4 దాకా ఒక వరుసలో, 5 నుంచి 8 దాకా రెండో వరుసలో ఉంటాయి. పేలుడుకూ పేలుడుకూ మధ్య క్రాంక్‌షాఫ్ట్ 90 డిగ్రీలు తిరుగుతుంది. మొదటి వరుసనే చూస్తే 1 పేలిన 90 డిగ్రీలకే 3 పేలుతుంది, 180 డిగ్రీల తర్వాత 2, ఆ తర్వాత 270 డిగ్రీల విరామంతో 4. ఒక వైపు గొట్టంలోంచి వచ్చే దెబ్బలకు సమాన తాళం లేదు. అమెరికన్ వి-8కు పేరు తెచ్చిన ఆ గుడగుడ ధ్వని ఈ అసమాన తాళం నుంచే పుడుతుంది. పోత ఇనుప మానిఫోల్డులో దీనివల్ల నష్టమూ ఉంది. 3వ సిలిండర్ వదిలిన దెబ్బ, ఇంకా పూర్తిగా ఖాళీ కాని 1వ సిలిండర్ గుమ్మంలోకి వెనక్కి తోసుకొస్తుంది. విడి గొట్టాలు ఆ ఇద్దరు పొరుగువాళ్ల మధ్య దూరం పెంచుతాయి.

ఇప్పుడు గేజు సంగతి

హెడర్లు బిగించాక సిలిండర్‌లో పాత పొగ తక్కువ మిగులుతుంది. కొత్త గాలికి చోటు పెరుగుతుంది. సూపర్‌ఛార్జర్ మాత్రం ఎప్పటిలాగే చుట్టుకు 1.8 లీటర్లు మోస్తూనే ఉంటుంది. మోసినంత గాలినీ ఇంజిన్ ఇప్పుడు ఇదివరకటి కంటే సులువుగా మింగుతోంది కాబట్టి, మానిఫోల్డులో పేరుకునేది తగ్గుతుంది. ముల్లు దిగుతుంది. గేజు చెప్పేది లోపలికి వెళ్లిన గాలి లెక్క కాదు, వెళ్లలేక గుమ్మం దగ్గర కిక్కిరిసిన గాలి ఒత్తిడి.

ఒత్తిడి తగ్గడంతో మరో మూడు లాభాలు కలిసొస్తాయి. గాలి అంత వేడెక్కదు. సూపర్‌ఛార్జర్‌ను తిప్పే ఖర్చు తగ్గుతుంది. రోటర్ల సందుల్లోంచి వెనక్కి కారే గాలి కూడా కాస్త తగ్గుతుంది. పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ పడే శ్రమ ఎలాగూ తగ్గింది. వీటన్నిటి మొత్తమే డైనమోమీటర్ చూపించిన అదనపు శక్తి. బూస్ట్ అంకె చూసి గొప్పలు చెప్పుకునే అలవాటు ఎంత తప్పుదారి పట్టిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పొగ గొట్టంలో గుడ్డ కుక్కినా ముల్లు పైకే లేస్తుంది.

స్పానర్ పట్టుకున్నాక

సిద్ధాంతం ఎంత తేటగా ఉన్నా, పని మొదలయ్యేది తుప్పు పట్టిన స్టడ్ల దగ్గర. ఈ 5.4 లీటర్ల ఇంజిన్లలో మానిఫోల్డు స్టడ్లు విప్పేటప్పుడు విరగడం, ఒక్కోసారి వాటంతటవే విరిగిపోవడం మెకానిక్‌లందరికీ తెలిసిన బాధ. కారణం లెక్కగట్టి చెప్పొచ్చు. సిలిండర్ హెడ్ అల్యూమినియం, మానిఫోల్డు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. కానీ హెడ్‌ను నీళ్లు చల్లబరుస్తాయి కాబట్టి అది 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, మానిఫోల్డు 550, 600 డిగ్రీలకు పోతుంది. అర మీటరు పొడవులో హెడ్ మిల్లీమీటరు లోపే సాగుతుంది, మానిఫోల్డు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాను చివరి స్టడ్లు భరించాలి. బండి నడిపిన ప్రతిసారీ ఒకసారి అటు, చల్లారాక ఒకసారి ఇటు. పైగా అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉక్కు స్టడ్లకు ఆ ఉప్పునీళ్లు విషం.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందురోజే స్టడ్ల మీద తుప్పు వదిలించే నూనె పోసి నానబెడతారు. బలవంతంగా ఒకే వైపు తిప్పరు. కాస్త వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీస్తారు. విరిగిన స్టడ్డును అల్యూమినియం మరలు చెడకుండా తవ్వి తీయడానికి పట్టే సమయం, మిగతా పనంతటికీ పట్టే సమయం కంటే ఎక్కువ కావచ్చు. కొత్త హెడర్ లోపలికి దూరాలంటే ఒక వైపు స్టీరింగ్ షాఫ్టు, ఇంకో వైపు స్టార్టర్ మోటారు అడ్డొస్తాయి. అన్ని బోల్టులూ ముందు చేత్తో తిప్పి పట్టించి, ఆ తర్వాతే మధ్య నుంచి చివర్లకు టార్క్ రెంచితో బిగించాలి. చివర్ల నుంచి మొదలుపెడితే ఫ్లాంజి మధ్యలో ఉబ్బుతుంది, గాస్కెట్ సరిగ్గా కూర్చోదు.

గాస్కెట్ దగ్గర చిన్న సందు ఉంటే వచ్చే నష్టం టకటక చప్పుడొక్కటే కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య గొట్టంలో అల్ప పీడనం ఏర్పడుతుందని పైన చూశాం. అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. దిగువన ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని పసిగట్టి ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ అవసరం లేకపోయినా పెట్రోలు పెంచుతుంది. ఒక బోల్టు వదులైతే మైలేజీ పడిపోయేది ఇలాగే. బండి ఒకటి రెండుసార్లు బాగా వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించమనేది కూడా ఇందుకే.

సూపర్‌ఛార్జర్ వైపు సాధారణంగా మార్చేది పుల్లీ. పైనున్న పుల్లీ వ్యాసం పది శాతం తగ్గిస్తే రోటర్లు పది శాతానికి పైగా వేగంగా తిరుగుతాయి. ఇక్కడ బెల్టు జారే ప్రమాదం పొంచి ఉంటుంది. కట్టుకొయ్యకు తాడు రెండు చుట్లు చుడితే గింజుకునే ఎద్దును కూడా పిల్లవాడు ఆపగలడు. చుట్టిన కోణం పెరిగేకొద్దీ పట్టు దామాషాలో కాదు, గుణకాలుగా పెరుగుతుంది. కోణం తగ్గితే పట్టు కూడా అంతే వేగంగా పడిపోతుంది. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు తాకే భాగం తగ్గుతుంది, లాగాల్సిన భారమేమో పెరుగుతుంది. అందుకే పుల్లీతో పాటు బెల్టు ఎక్కువ చుట్టుకునేలా అదనపు రోలరు అమరుస్తారు. ఇంకో జాగ్రత్త చిన్నదే కానీ ప్రాణాధారం: సూపర్‌ఛార్జర్ తీసినప్పుడు తెరుచుకున్న ప్రతి గాలి రంధ్రాన్నీ గుడ్డతో మూయాలి, ఎన్ని గుడ్డలు పెట్టారో రాసుకోవాలి. సిలిండర్‌లోకి జారిన ఒక్క వాషరు గానీ, తీయడం మరిచిన ఒక్క గుడ్డ గానీ చాలు, ఇంజిన్ పోవడానికి.

పిస్టన్ కరిగే చోటు

గాలి పెరిగిందంటే పెట్రోలు కూడా పెరగాలి. కంప్యూటర్‌కు గాలి లెక్క చెప్పేది ఒక సన్నని వేడి తీగ. గాలి తగిలి తీగ ఎంత చల్లబడిందో, దాన్ని వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు కావాల్సి వచ్చిందో చూసి గాలి బరువు లెక్కిస్తుంది. పుల్లీ మార్చాక ఆ సెన్సర్ కొలవగలిగిన హద్దు దాటి గాలి వస్తే కంప్యూటర్‌కు ఆ అదనం కనిపించదు. ఇంజెక్టర్లకూ హద్దుంది. 4,750 చుట్ల వేగంలో ఒక పూర్తి చక్రానికి 25 మిల్లీసెకన్లే. ఆ వ్యవధి మొత్తం తెరిచి ఉంచినా చాలినంత పెట్రోలు పోలేదంటే మిశ్రమం పలచబడుతుంది.

పలచటి మిశ్రమం, ఎక్కువ ఒత్తిడి, వేడి గాలి కలిసిన చోట నాకింగ్ మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. మండుతున్న వాయువు 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ చేసిన అల్యూమినియం మిశ్రమం 600 డిగ్రీల దరిదాపుల్లోనే కరగడం మొదలవుతుంది. అయినా రోజూ కరగకపోవడానికి కారణం, పిస్టన్ తలను అంటుకుని ఉండే కదలని పలుచటి వాయువు పొర. అది దుప్పటిలా కాపాడుతుంది. నాకింగ్‌లో పుట్టే తీవ్ర ఒత్తిడి తరంగాలు ఆ దుప్పటిని చింపేస్తాయి. ఇక కొన్ని సెకన్లు చాలు.

అందుకే ఫోర్డ్ లైట్నింగ్‌లో సంపీడన నిష్పత్తిని మామూలు ఇంజిన్‌లోని 9 నుంచి 8.4కు తగ్గించింది. మామూలు ఇంజిన్‌కు బయట కొన్న సూపర్‌ఛార్జర్ బిగించేవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు. వాళ్లు బూస్ట్ తక్కువగా ఉంచుకోవాలి, స్పార్క్‌ను కొంత ఆలస్యం చేయాలి, మంచి ఆక్టేన్ పెట్రోలు వాడాలి. ఆ వీడియోలు చూసే మన యువతకు ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికా పంపుల మీద కనిపించే ఆక్టేన్ అంకె రెండు రకాల పరీక్షల సగటు, మన పంపుల మీద ఉండేది ఒక పరీక్ష ఫలితం. అక్కడి 91 మన లెక్కలో 95, 96కు సమానం. మన లెక్కలో 91 అంటే కూడా అదే అనుకుంటే పొరపాటు.

పొగ ఎవరి ఇంటికి

శక్తి లెక్క బండి యజమానిది, పొగ లెక్క ఊరందరిది. పొడవాటి హెడర్లు అమర్చాలంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఉన్నచోటు నుంచి వెనక్కి జరపాలి, లేదా తీసేయాలి. తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని పెట్రోలు ఆవిరి నేరుగా గాలిలో కలుస్తాయి. వెనక్కి జరిపినా ఇబ్బందే. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత 250, 300 డిగ్రీలకు చేరితేనే పని మొదలుపెడుతుంది. పల్చటి గొట్టంలో మీటరు దూరం నడిచిన పొగ చల్లబడుతుంది. ఉదయం స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో, అంటే బండి అత్యధికంగా కాలుష్యం వదిలే సమయంలోనే, కన్వర్టర్ నిద్ర లేవడం ఆలస్యమవుతుంది.

అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి ఈ పరికరాన్ని తొలగించడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో బయటి భాగాలకు అక్కడి వాయు వనరుల మండలి ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి. కన్వర్టర్‌ను కదపకుండా దాని పాత చోటుకే అతికే పొట్టి హెడర్లకు ఆ అనుమతి దొరికే వీలుంది. చట్టం ఉన్నా తప్పులు ఆగలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో డీజిల్ పికప్‌ల మీద లెక్క తీస్తే, అంతకుముందు దశాబ్దంలో 5,50,000కు పైగా ట్రక్కుల్లో కాలుష్య నియంత్రణ పరికరాలు తీసేసినట్టు తేలింది. వాటి నుంచి వెలువడే అదనపు నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులకు పైనే అని అంచనా. అవి డీజిల్ బండ్లు, ఇక్కడ చెప్పుకుంటున్నది పెట్రోలు బండి. పరికరం పీకేసే అలవాటు మాత్రం రెంటికీ ఒకటే.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే స్పష్టం చేసింది. అదీగాక మన రోడ్ల మీది పికప్‌లు దాదాపు అన్నీ డీజిల్. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్‌లో బెల్టుతో తిరిగే సూపర్‌ఛార్జర్ ఉండదు. పొగ బయటికి వచ్చిన వెంటనే ఒక టర్బైన్‌ను తిప్పుతుంది, ఆ టర్బైన్ ఇరుసు రెండో చివర ఉన్న చక్రం ఇంజిన్‌లోకి గాలి నెడుతుంది. అక్కడ పొడవాటి గొట్టాలు పెడితే టర్బైన్‌కు చేరేలోపు పొగ వేడి తగ్గి, దాని జోరూ తగ్గుతుంది. అలాంటి ఇంజిన్‌కు మేలు చేసేది పోత ఇనుప పొట్టి మానిఫోల్డే.